నాలుగు ముక్కల పుస్తకం, నాలుగు ఫోన్లు

బడిలో యంత్రాలు చూసుకునే పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. కాగితం మీద ఆ పనికి అటెండరు అని పేరు. గంట ఎప్పుడు కొట్టాలి, తాళాలు ఎవరికి ఇవ్వాలి, సంతకం ఎక్కడ పెట్టాలి లాంటివి మొదటి రోజే ఎవరో ఒకరు చెప్తారు, దానికి నేను అక్కర్లేదు. ప్రమోషన్ల గురించి చెప్పడానికి నా దగ్గరేమీ లేదు. ఏ స్టూలు మీద చేరానో ఆ స్టూలు మీదనుంచే రిటైరయ్యాను. మధ్యలో స్టూలుకు ఒక కాలు మార్చారు, అంతే తేడా.

నా పేరు సింహాచలం. ఏడో తరగతిలో బడి మానేశాను. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా బడిలోనే ఉన్నాను. పారిపోయినవాణ్ణి పట్టుకొచ్చి, జీతమిచ్చి కూర్చోబెట్టే ఊరు ఖరగ్‌పూర్ ఒక్కటేనేమో. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి రైల్వే వర్క్‌షాపులోకి వచ్చాడు. మా నాన్న అందులోనే రిటైరయ్యాడు. నేను సిగ్నళ్ళ శాఖలో ఖలాసీగా చేరి టెలిఫోను స్తంభాలు ఎక్కేవాణ్ణి. ఒకరోజు ఎక్కినదానికంటే చాలా తొందరగా దిగాను. మోకాలు అతుక్కుంది గానీ డాక్టరుకు నా మీద నమ్మకం అతుక్కోలేదు. స్తంభాల పనిలోంచి తీసేసి, కూర్చుని చేసే పని అంటూ రైల్వే పిల్లలు చదివే తెలుగు బడికి పంపారు.

కాలనీలో ఎవరూ నవ్వకముందే నేను నవ్వేశాను. "హైస్కూల్లో చేరిపోనాను, పెద్దయ్యాక ఏటవుతానో సూడాల" అని టీకొట్టు దగ్గర నేనే చెప్పుకుని తిరిగాను. నా మీద జోకు నేనే వేసేస్తే ఎదుటివాడికి పని మిగలదు. ఇది అందరికీ చేతనయ్యే పని కాదని తెలియడానికి నాకు చాలాకాలం పట్టింది. ఆ సంగతే చెప్పబోతున్నాను.

బీరువాలో టేపు రికార్డరు

నేను చేరినప్పటి హెడ్మాస్టరుగారు యంత్రాలను కొత్త అల్లుళ్ళలా చూసేవారు. వాటికి దుమ్ము తగలకూడదు, పని చెప్పకూడదు. టేపు రికార్డరు, స్లయిడ్ల ప్రొజెక్టరు, లౌడ్‌స్పీకరు సెట్టు, మూడూ బీరువాలో కలరా ఉండల మధ్య కాపురం ఉండేవి. వాడితే పాడైపోతాయని ఆయన భయం. వాడకపోయినా పాడైపోతాయని నేను రెండేళ్ళు చెప్పాను. నా మాట వినలేదు గానీ, ప్రొజెక్టరు తనంతట తానే పాడైపోయి నా పక్షాన సాక్ష్యం చెప్పింది. యంత్రాన్ని కాపాడే అధికారి మీకూ దొరుకుతాడు. ముందు ఆయన్ని బాగుచేసుకోండి, యంత్రం సంగతి తర్వాత.

ఎనభైల రెండో సగంలో సత్యవతి టీచరు వచ్చారు. బొబ్బిలి మనిషి, ఎనిమిదో తరగతికి తెలుగు చెప్పేవారు. పిల్లలు పాఠాలకు జవాబులు అప్పజెప్తున్నారు తప్ప ఒక్క పుస్తకం గురించి కూడా నోరు విప్పి మాట్లాడటం లేదని ఆమె బాధ. తరగతిని నాలుగు జట్లు చేశారు. ఒక నవల చదివి, వారానికి రెండు పీరియడ్లు దాని గురించి మాట్లాడుకోవాలి. ఎవరేం మాట్లాడారో తర్వాత వినడానికి టేపు రికార్డరు కావాలన్నారు. నేను బీరువా తాళం తెచ్చి ఇచ్చాను. ఎలా తెచ్చానని అడక్కండి.

టేపు తిరగడం మొదలుపెట్టగానే పిల్లలు బిగుసుకుపోయారు. సూరి అని ఒక గుంటడు ఉండేవాడు, ఫుట్‌బాలు ఆడేటప్పుడు వాడి గొంతు స్టేషన్ దాకా వినిపించేది. అలాంటివాడు మైకు ముందుకొచ్చి, "ఈ నవలయందు రచయిత చక్కని నీతిని తెలియజేసియున్నారు" అన్నాడు.

"ఈళ్ళకి ఏటైంది సింహాచలం?" అన్నారు టీచరు. "బయట గొంతు సించుకుంటారు, దీని ముందు రేడియోలో వార్తలు సదువుతున్నారు."

"తిరిగే సక్రం కనబడతంది కదండీ. పట్టుబడిపోతామని భయం. నేను నా పెళ్ళి ఫొటోలో కూడా ఇలాగే ఉన్నాను."

ఆమె నవ్వారు గానీ, నేను ఆ మాటను పట్టుకుని వదల్లేదు. వింటున్నారని తెలిస్తే మనిషి మాట మారిపోతుంది. ఇది నేను నేర్చుకున్న మొదటి పాఠం. నిజమైన పాఠమే. నా తర్వాతి తప్పుకు కారణం కూడా ఇదే.

పాత ఫోన్లు, పాత నియమం

సిగ్నళ్ళ శాఖ గోడౌనులో నా పాత మిత్రులు ఉండేవారు. పనికిరావని పక్కన పడేసిన ఫోన్లు అక్కడ బస్తాల కొద్దీ. చేత్తో పిడి తిప్పితే గంట మోగే రకం. కాగితం మీద అనుమతి రాయించుకుని అయిదు ఫోన్లు తెచ్చాను. నాలుగు బాగుచేసి ఒకే జత తీగ మీద తగిలించాను. తరగతి గదిలో ఒకటి, లైబ్రరీలో ఒకటి, వరండా చివర ఒకటి, ఆడపిల్లలు కుట్టుపని నేర్చుకునే గదిలో ఒకటి. నాలుగు జట్లు నాలుగు చోట్ల. ఎవరు మాట్లాడినా నాలుగు చోట్లా వినిపిస్తుంది. రైల్వే కంట్రోలు లైను కూడా ఇంతే. వరసగా ఉన్న స్టేషన్లన్నీ ఒకే తీగ మీద ఉంటాయి.

పుస్తకం మాత్రం ఒక్కటే. గోదావరి మీద లాంచీ నడిపే ఒక సరంగు కథ, బయట దొరకని పాత నవల. టీచరు బ్లేడు తీసుకుని, కుట్లు విప్పి, దాన్ని నాలుగు ముక్కలు చేసేశారు. హెడ్మాస్టరుగారు ఆ దృశ్యం చూసి మంచినీళ్ళు అడిగారు. జట్టుకు ఒక ముక్క, వారం తర్వాత మార్పిడి. అందువల్ల ఒక జట్టు కథను మొదటినుంచి చదివితే ఇంకో జట్టు నడిమి నుంచి చదివేది. మిగతా కథ తెలియాలంటే ఫోనులో అడిగి తెలుసుకోవాల్సిందే. ఇంతకన్నా మంచి ఏర్పాటు నేను తర్వాత ఎక్కడా చూడలేదు.

మొదటి రోజు నాలుగు జట్లూ ఒకేసారి అరిచాయి. గోల్‌బజార్ చేపల దుకాణాల్లో ఇంతకంటే నిశ్శబ్దంగా ఉంటుంది. అప్పుడు నేను రైల్వే నియమం పెట్టించాను. స్టేషన్ మాస్టరు ఫోనులో ఒక కబురు చెప్తే, అవతలివాడు దాన్ని ఉన్నదున్నట్టు తిరిగి చెప్పాలి. సరిగ్గా ఉంటే చెప్పినవాడు తన దగ్గరున్న రహస్య అంకెల చీటీలోంచి ఒక నంబరు ఇచ్చి కొట్టేస్తాడు. నంబరు ఇచ్చాడంటే, తన మాట అవతలివాడికి చేరిందని ఒప్పుకున్నట్టు. నంబరు లేనిదే బండి కదలదు. పిల్లలకు కూడా అలాగే తలో చీటీ రాసి ఇచ్చాం. ముందు మీ పేరు చెప్పాలి, మీకు ముందు మాట్లాడినవాడి మాట తిరిగి చెప్పాలి, వాడు నంబరు ఇవ్వాలి, అప్పుడే మీ సొంత మాట.

మొదట్లో వారం రోజులు పిల్లలు నన్ను తిట్టుకున్నారు. రెండో వారానికి ఒక వింత చూశాం. జవాబు కోసం గొంతు సవరించుకునే అలవాటు పోయి, చెవి పెట్టి వినడం వచ్చింది. సూరి అంతటివాడు, "ఆగు, ఆడు అలా అన్లేదు, ఇంకోపాలి సెప్పు" అనేవాడు.

తొంభైల్లో బడికి టీవీ, క్యాసెట్లు ఆడించే యంత్రం, ఆఖరికి కంప్యూటరు కూడా వచ్చాయి. కంప్యూటరుకు పూలపూల గలీబు కుట్టించారు. నేను చెప్పేది ఒక్కటే. కొత్త పెట్టె వచ్చినప్పుడు, దానితో ఏమేం చేయొచ్చని అడక్కండి. పిల్లలు దాని ముందు ఏ నియమం మీద మాట్లాడాలో అడగండి. నియమం లేని పెట్టెకు గలీబే సరైన చోటు.

ఎస్తేరు

నాలుగో జట్టులో ఎస్తేరు అనే పిల్ల ఉండేది. వాళ్ళది తరాల కిందట కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. తండ్రి దానియేలు స్టేషన్ కేబిన్లో సిగ్నళ్ళ లీవర్లు లాగే మనిషి అని అందరికీ తెలుసు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కాతో, ఎర్రజెండా పచ్చజెండా చుట్టి సంకలో పెట్టుకుని వెళ్ళేవాడు. ఎస్తేరు ఆ బడిలో ఎనిమిదేళ్ళు చదివి ఎనిమిది మాటలు మాట్లాడి ఉంటుంది. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది, పలికేది కాదు.

నాలుగో జట్టు ఫోను కుట్టుగదిలో ఉండేది. అక్కడ నేను తీగ తక్కువగా కోశాను. బద్ధకం. దాంతో ఫోనును బీరువా వెనక గోడకు కొట్టాల్సి వచ్చింది. మాట్లాడేవాళ్ళు బీరువా వెనక్కు వెళ్ళి, గోడకు ముఖం పెట్టి నిలబడాలి. మిగతా పిల్లలకు ఆ చోటు నచ్చక, ఎస్తేరును నెట్టారు.

బీరువా వెనకనుంచి ఆ పిల్ల మాట్లాడింది. మెల్లగా, ఒక్క ముక్క తప్పకుండా అవతలివాడి మాట తిరిగి చెప్పి, తర్వాత తన మాట చెప్పింది. ఎవరికీ ముఖం కనిపించదు, ఎవరి ముఖమూ తనకు కనిపించదు. కొన్ని నెలలకు చూస్తే, అందరికంటే ఎక్కువ నంబర్లు ఆమె తిరిగి చెప్పిన మాటలకే పడ్డాయి. సత్యవతి టీచరు రిజిస్టరు చూసుకుని, "ఈ గుంట ఇన్నాళ్ళూ ఎక్కడుంది?" అన్నారు. నేను తీగ తక్కువ కోసిన ఘనత గురించి మూడురోజులు చెప్పుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. అయిదో ఫోను కూడా బాగుచేశాను. నా స్టోరు రూములో, పాత మ్యాపుల వెనక తగిలించాను. మాట్లాడే ముక్క పీకేశాను, వినడానికి మాత్రమే. లైను బాగుందో లేదో చూడటానికని నాకు నేనే చెప్పుకున్నాను. అసలు సంగతి, నాకు ఆ కథ కావాలి. సరంగు లాంచీ పోయిందనీ, వేరే రేవులో మూటలు మోస్తున్నాడనీ, ఇంట్లోంచి మాత్రం ఇంకా సరంగు టోపీ పెట్టుకునే బయల్దేరుతున్నాడనీ పిల్లల నోటనే విన్నాను. ఏడో తరగతి తర్వాత నేను పుస్తకం పట్టలేదు. ఆ పీరియడ్లో ఎవరైనా గంట కొట్టమంటే నాకు ఒళ్ళు మండేది. ఈ ఫోను సంగతి టీచరుకు కూడా చెప్పలేదు.

అధికారి వచ్చిన రోజు

విద్యాశాఖ నుంచి ఒక బెంగాలీ అధికారి తనిఖీకి వస్తున్నారని కబురు వచ్చింది. హాల్లో తల్లిదండ్రుల కమిటీ కూడా కూర్చుంటుంది. హెడ్మాస్టరుగారు నన్ను పిలిచి, "మన ఫోన్ల సంగతి ఆయనకు హాల్లో వినిపించగలవా?" అన్నారు. యంత్రాలను దాచే మనిషి "మన ఫోన్లు" అన్నాడు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. లైనును లౌడ్‌స్పీకరుకు కలిపాను.

పిల్లలకు చెప్పలేదు. మరిచిపోవడం కాదు, కావాలనే చెప్పలేదు. చెప్తే మళ్ళీ "నవలయందు" మొదలుపెడతారు కదా. సత్యవతి టీచరు జట్ల దగ్గర ఉన్నారు, ఆమెకూ చెప్పలేదు. నా మొదటి పాఠాన్ని నేను ఎంత బాగా నేర్చుకున్నానో చూడండి.

హాల్లో గంట మోగింది. సూరి గొంతు లౌడ్‌స్పీకర్లోంచి దూకింది. "ఒకటో జట్టు సూరి మాటాడతన్నాను. సరంగు అబద్ధాలకోరు. ఇంటోళ్ళని మోసం సేసినాడు." అధికారి తలూపాడు. నేను స్విచ్చు పక్కన, పెళ్ళికొడుకు తండ్రిలా నిలబడ్డాను.

"నాలుగో జట్టు ఎస్తేరు. సరంగు అబద్ధాలకోరు, ఇంటోళ్ళని మోసం సేసినాడు అని సూరి అన్నాడు. కరెక్టేనా?"

"కరెక్టు. నంబరు ముప్పై ఏడు."

"నేను అలా అనుకోను. కూతురికి తెలుసు. తెలిసినా టోపీ దులిపి ఇస్తాది. టోపీ నేకపోతే ఆయన గుమ్మం దాటలేడు. మా నాన్నా అంతే. కళ్ళ పరీక్షలో తప్పినాడని కేబిన్లోంచి తీసేసినారు. ఇప్పుడు యార్డులో రైలు పెట్టెలకి నీళ్ళు పడతన్నాడు. అయినా జెండాలు సంకలో పెట్టుకునే ఎల్తాడు. నేనే మడతపెట్టి ఇస్తాను. నాకు తెలుసని ఆయనకి తెల్దు."

కమిటీలో దానియేలు క్వార్టరుకు ఆనుకుని ఉండేవాళ్ళు ఇద్దరున్నారు. అధికారికి తెలుగు రాదు. "మేయేటి కీ బోల్ఛే?" అని అడిగాడు, ఆ అమ్మాయి ఏమంటోందని. హెడ్మాస్టరుగారు బల్ల మీది గుడ్డ సర్దారు.

నేను స్విచ్చు కోసం చెయ్యి చాచాను. చెయ్యి ఎందుకో పక్కనున్న మంచినీళ్ళ గ్లాసుకు తగిలింది. ఈలోపు నియమం తన పని తాను చేసుకుపోయింది. సూరి, నేను నేర్పినట్టే, ఒక్క ముక్క తప్పకుండా తిరిగి చెప్పాడు. "మీ నాన్నని కేబిన్లోంచి తీసేసినారు. యార్డులో నీళ్ళు పడతన్నాడు. జెండాలు పట్టుకునే ఎల్తాడు. నీకు తెలుసని ఆయనకి తెల్దు. కరెక్టేనా?"

ఎస్తేరు నంబరు ఇచ్చేలోపు స్విచ్చు దొరికింది.

దానియేలు

ఆ పిల్ల మాటలు హాల్లో విన్నవాళ్ళ నోట సాయంత్రానికే కాలనీ అంతా పాకాయి. మర్నాటినుంచి ఎస్తేరు బడికి రాలేదు. వారం గడిచింది. టైలరు దగ్గర కుదురుతానంటోందని జట్టులో పిల్లలు చెప్పారు. సత్యవతి టీచరు నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే ఏదో ఒకటి అని తప్పించుకునేవాణ్ణి. "లైను తెరిచింది నువ్వు సింహాచలం. ఆ పిల్లని తీసుకొచ్చే పని కూడా నీదే" అన్నారు.

నేను సైకిలేసుకుని గోల్‌బజార్ అంతా తిరిగాను. అవసరం లేని కూరలు కొన్నాను. ఆఖరికి వాళ్ళ క్వార్టరు ముందు దిగాను. దానియేలు గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నిలబడితే నా నోరు ఊరుకోలేదు. నా నోటికి తెలిసిన దారి అదొక్కటే.

"దానియేలన్నా, నన్ను స్తంభం మీంచి దింపినారు, నిన్ను కేబిన్ మీంచి దింపినారు. ఇద్దరం నేల మీద ఉన్నాం, ఇంక పడిపోడానికి నేదు."

అతను నవ్వలేదు. "నీకు నవ్వు ఉంది సింహాచలం. నాకు జెండాలు ఉన్నాయి. ఎవుడి సామాను ఆడిది."

కూర్చోమనలేదు. నిలబడే ఉన్నాను.

"పిల్ల మీద కోపమా?" అన్నాను.

"దానిమీద ఎందుకు కోపం? అబద్ధం సెప్పిందా?" లోపలికి చూసి గొంతు తగ్గించాడు. "నేను మానిపించలేదు. అదే ఎల్లనంటంది. నన్ను సూసినప్పుడల్లా తల దించుకుంటంది. తప్పు సేసినోడిని నేనైతే తల దానిది వాలిపోనాది." తర్వాత నా వైపు తిరిగాడు. "ఒక్కటి అడుగుతాను. లైన్లో ఎవులున్నారో ఆ పిల్లకి సెప్పినావా?"

"నేదు."

"ఎందుకని?"

"సెప్తే బిగుసుకుపోతారని."

"బిగుసుకోనీ. అది ఆళ్ళ హక్కు. ఇరవైయేళ్ళు కేబిన్లో ఫోను పట్టినాను. అటేపు ఎవుడున్నాడో తెలీకుండా ఒక్క నంబరు ఇచ్చినానంటే, రెండు బళ్ళు ఎదురెదురుగా వొచ్చీవి. నువ్వు సిగ్నళ్ళోడివి. ఇది నీకు నేను సెప్పాలా?"

స్తంభం మీంచి పడ్డప్పుడు కూడా నాకు జోకు తట్టింది. దానియేలు ముందు తట్టలేదు. "తప్పయిపోనాది" అన్నాను. నేను వెళ్ళబోతుంటే, "గురువారం నాకు రెస్టు. వొచ్చి లైను సూస్తాను. నేను సూసి సెప్తే అది నమ్ముతాది" అన్నాడు.

అయిదో ఫోను

గురువారం వచ్చాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉన్నాడు. వెనక ఎస్తేరు, వరండా మెట్ల దగ్గరే ఆగిపోయింది.

అతను లైను చూసిన పద్ధతి నేను మరిచిపోను. కళ్ళతో కాదు, వేళ్ళతో చూశాడు. తరగతి గది ఫోను దగ్గర తీగ పట్టుకుని, గోడ వెంట వేళ్ళు జరుపుకుంటూ లైబ్రరీకి, అక్కడినుంచి వరండాకు, కుట్టుగదికి. సత్యవతి టీచరు, నేను వెనకే నడిచాం. లౌడ్‌స్పీకరు తీగ నేను తనిఖీ రోజే పీకేశాను. కానీ కుట్టుగది కిటికీ పైన అతని వేళ్ళు ఒక ముడి దగ్గర ఆగాయి.

"ఇక్కడినుంచి ఇంకోటి పోతంది. ఏటిది?"

"అది... టెస్టింగుకి."

తీగ వెంబడి నా స్టోరు రూములోకి వచ్చాడు. మ్యాపులు పక్కకు జరిపాడు. ఫోను తీసి తిప్పి చూశాడు. "మాటాడే ముక్క ఏదీ?"

"పీకేసినాను."

"అంటే వినడానికే."

సత్యవతి టీచరు నా వైపు చూశారు. "ఎన్నాళ్ళనించి?"

"మొదటి రోజునించీ అండీ."

ఆమె కిటికీ వైపు తిరిగారు. దానియేలు నా బల్ల మీది కటింగ్ ప్లయరు తీసి నా చేతికిచ్చాడు. "నువ్వే కొయ్యి."

కోశాను. నా చేతులతో వేసిన వైర్లు ఎన్నో కోశాను, ఇంత గట్టిగా ఉన్నది ఇంకొకటి లేదు. తలెత్తి చూస్తే గుమ్మంలో ఎస్తేరు ఉంది. అంతా చూసింది.

దానియేలు ఆమెతో, "నాలుగే ఉన్నాయి. నేను సూసినాను. ఇంక నీ ఇష్టం" అన్నాడు. వెళ్ళమనలేదు, ఉండమనలేదు. అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత జెండాలు తీసుకెళ్ళాడో లేదో నేను అడగలేదు. అడక్కుండా ఉండటం అప్పుడే మొదలుపెట్టాను.

ఎస్తేరు అక్కడే నిలబడింది. ముఖం చూస్తూ నాతో మాట్లాడటం అదే మొదటిసారి. "ఎందుకు విన్నారు బాబాయ్?"

"కథ కోసం."

"సదువుకోవొచ్చు కదా."

"నాకు సదువు అచ్చిరాలేదమ్మా, అందుకే దాని పక్కన స్టూలేసుకుని కూకున్నాను" అన్నాను. అలవాటు ఊరికే పోదు.

ఆమె నవ్వలేదు. తండ్రి పోలిక. "సదివినోళ్ళకే లైన్లో చోటు. సదివి రండి" అని కుట్టుగదిలోకి వెళ్ళిపోయింది.

లైన్లోకి

మంగళవారం ఆమె వచ్చింది. బీరువా వెనక్కు వెళ్ళిందని టీచరు చెప్పారు. నేను వరండాలో అటూ ఇటూ తిరిగాను. గంటలు మోగడం వినిపించింది, గొంతుల గుసగుస వినిపించింది, మాట మాత్రం ఒక్కటీ అందలేదు. మోకాలు నొప్పి పుట్టేదాకా తిరిగాను. స్టోరు రూములో కూర్చోలేకపోయాను, బయట నిలబడలేకపోయాను. నేను కట్టిన వాటన్నిట్లో బాగా పనిచేసింది అదొక్కటే. అది పనిచేస్తున్నంతసేపూ నేను బయట ఉండాలి. ఈ ఉద్యోగంలో మీకూ ఇలాంటి రోజు వస్తుంది. వచ్చినప్పుడు వరండాలో నడవడానికి మంచి చెప్పులు ఉంచుకోండి.

పుస్తకం ముక్కలు ఏ వారం ఏది ఖాళీగా ఉంటే అది అడిగి తీసుకున్నాను. మూడో ముక్క ముందు వచ్చింది, మొదటిది ఆఖరికి. ఝపటాపూర్‌లో మా ఇంటి అరుగు మీద, వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివాను. మా ఆవిడ ఎవరికైనా ఉత్తరం వచ్చిందేమోనని రెండుసార్లు బయటికి వచ్చి చూసింది. ఒక్కో ముక్కకు పన్నెండు, పదమూడు రోజులు. వేసవి సెలవులు రెండు వారాల్లో ఉన్నాయనగా అయిపోయింది. టీచరుతో చెప్పాను. ఆమె నన్ను వరండా ఫోను దగ్గర నిలబెట్టి, నాకూ ఒక అంకెల చీటీ ఇచ్చారు.

ముందు పిడి తిప్పాను. తర్వాత పేరు చెప్పాను. "స్టోరు రూము సింహాచలం."

లైన్లోంచి ఎస్తేరు గొంతు. "ఎన్ని ముక్కలు సదివినారు?"

"నాలుగూ."

"అయితే ముందు సూరి సెప్పింది తిరిగి సెప్పండి."

సూరి ఆ రోజు సరంగుకు టోపీ తప్ప ఇంకేమీ మిగల్లేదని అన్నాడు. నేను 'టోపీ తప్ప ఇంకేటీ నేదు' అని తిరిగి చెప్పాను. "తప్పు బాబాయ్, నేను 'మిగల్లేదు' అన్నాను, 'నేదు' అన్లేదు" అన్నాడు వాడు. రెండోసారి చెప్పాను. నంబరు ఇచ్చాడు. ఇప్పుడు నా వంతు. నెలన్నరగా వేలు పెట్టి చదివిన పుస్తకం గురించి నాకు చాలా చెప్పాలని ఉంది. కానీ ఎప్పటిలాగే ముందు జోకు బయటికొచ్చేసింది.

"నాకైతే ఆ సరంగు మంచి యాక్టరు అనిపించినాడు. సినిమాల్లో చేరుంటే పైకొచ్చీవాడు."

లైన్లో ఎవరూ నవ్వలేదు. నియమం ప్రకారం నవ్వడానికి ముందు తిరిగి చెప్పాలి.

"నాలుగో జట్టు ఎస్తేరు" అంది ఆమె, మామూలు గొంతుతో. "సరంగు మంచి యాక్టరు, సినిమాల్లో చేరుంటే పైకొచ్చీవాడు అని బాబాయ్ అన్నారు. కరెక్టేనా? కరెక్టయితే నంబరు ఇవ్వండి."

ఒక్క అక్షరం పొల్లుపోలేదు. అది నా మాటే. ఇన్నేళ్ళలో నా జోకును నవ్వు లేకుండా నాకు తిరిగి వినిపించినవాళ్ళు ఎవరూ లేరు. చీటీ చేతిలో ఉంది, మొదటి అంకె మీద పెన్సిలు పెట్టి ఉంది.

"నంబరు ఇవ్వనమ్మా" అన్నాను. "అది కాదు నేను సెప్పాలనుకున్నది. ఉండు, మళ్ళీ సెప్తాను."